లావాల్‌లో ఇల్లు కొనొచ్చా? ఫ్రెంచ్ అంతంతమాత్రం వచ్చినవాళ్లకి ఆ ఊరు ఎలా ఉంటుంది?

పల్నాటి_పిల్ల
కెనడాలో, క్యుబెక్ రాష్ట్రం మాంట్రియల్లో కోట్-దె-నేజ్ దగ్గర అద్దెకుంటున్నాం. మా ఆయన పనిచేసే ల్యాబ్ మాంట్రియల్‌కి ఉత్తరాన నది అవతలున్న లావాల్‌లో, నా ఆఫీసు డౌన్‌టౌన్‌లో. పాపకి ఆరేళ్లు. మొన్నటిదాకా వర్క్ పర్మిట్ మీద ఉన్నాం కాబట్టి మాటర్నెల్ (ఒకటో తరగతికి ముందు ఏడాది) ఇంగ్లీషు బడిలోనే అయిపోయింది. ఇప్పుడు పీఆర్ (శాశ్వత నివాసం) చేతికొచ్చింది, సెప్టెంబర్‌లో ఒకటో తరగతి. ఇద్దరి జీతాలూ కలిపినా మాంట్రియల్లో పెరడున్న ఇల్లు మావల్ల అయ్యేలా లేదు, అందుకే లావాల్ వైపు చూస్తున్నాం.

విసుగెక్కడంటే, ఎవర్నడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఒకరేమో "అక్కడేముంది, హైవేలూ మాల్సూ తప్ప" అంటారు. ఇంకొకరు "అది ఫ్రెంచోళ్ల ఊరు, పక్కింటివాళ్లు కూడా పలకరించరు" అంటారు. ఇళ్ల ఏజెంటు "మెట్రో ఉందిగా, ఇంకేం కావాలి" అంటాడు. పాతికేళ్ల లోను నెత్తికెత్తుకునే ముందు ఆ ఊరి సంగతి అక్కడ ఉంటున్నవాళ్ల నోటి నుంచి వినాలనుంది. మా ఇద్దరి ఫ్రెంచ్ దుకాణాల వరకూ సరిపోతుంది, మీటింగులో అయితే నోరు పెగలదు.

మంచు_మిర్చి
ఒక్క ముక్కలో నేనూ తేల్చేస్తా, తిట్టుకోకండక్కా. డౌన్‌టౌన్ వదిలి పోవద్దు. లావాల్‌లో పాల ప్యాకెట్ కావాలన్నా కారు తీయాలి.

గోదారోడు
బ్రొసార్ చూశారా? మాంట్రియల్‌కి దక్షిణాన, సెంట్ లారెన్స్ నది అవతలి ఒడ్డు. 2023 జులై నుంచి ఆర్‌ఈఎం రైలు నడుస్తోంది, సెంట్రల్ స్టేషన్‌కి నేరుగా వెళ్లిపోవచ్చు. చైనావాళ్లు, మనవాళ్లు బాగా ఉన్నారు. ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది.

పల్నాటి_పిల్ల
గోదారోడు గారూ, మా ఆయన రోజూ బ్రొసార్ నుంచి లావాల్ రావాలంటే ఊరంతా దాటాలి కదా. చలికాలంలో రెండు వంతెనల మీద ట్రాఫిక్ తలుచుకుంటేనే భయమేస్తోంది.

గోదారోడు
ఆ ముక్క నిజమే. అయితే నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

షోమెడే_శర్మ
ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, కాస్త పొడుగ్గానే చెబుతాను.

అమ్మాయ్, ముందు నువ్వు అడగాల్సింది "లావాల్ ఎలా ఉంటుంది" అని కాదు, "ఏ లావాల్" అని. ఇదొక ద్వీపం. పేరు ఈల్ జేజూ. దక్షిణాన రివియేర్-దె-ప్రేరీ, ఉత్తరాన రివియేర్-దె-మిల్-ఈల్. 1636లో జెస్యూట్ పాదిరీలకి ఇచ్చిన భూమి, ఆ పేరు అలా వచ్చిందే. తరవాత 1675లో బిషప్ ఫ్రాంస్వా ద లావాల్ చేతికొచ్చింది. మూడొందల ఏళ్లపాటు ఇక్కడ ఉన్నవి పల్లెలూ పొలాలూ చర్చిలే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వంతెనలు, హైవేలు పెరిగి, మాంట్రియల్ జనం ఇటు పొంగుకొచ్చారు. 1965 ఆగస్టులో ద్వీపం మీది 14 ఊళ్లని కలిపి ఒకే నగరం చేశారు. దానికి పెట్టిన పేరు లావాల్. ఇప్పటికి క్యుబెక్ రాష్ట్రంలో మూడో పెద్ద నగరం. 2021 జనాభా లెక్కల్లో 4,38,366 మంది.

అలా కలిపిన ఊళ్లు ఇప్పటికీ దేనికదే. మా షోమెడేలో గ్రీకులు, ఆర్మేనియన్లు, లెబనాన్‌వాళ్లు. మా వీధిలో గ్రీకు ముసలాయన ఇంటి ముందు టమాటాలు వేస్తాడు, ఆయనతో నాది ఇంగ్లీషే. అదే తూర్పున సెన్-ఫ్రాంస్వా వైపు పోతే పొలాలు, ఓటాయ్ పక్కన పూల తోటలు, గ్రీన్‌హౌసులు. ద్వీపంలో మూడో వంతుకి దగ్గరగా వ్యవసాయ భూమి కింద చట్టం కాపాడుతోంది, అక్కడ ఇళ్లు కట్టనివ్వరు. ఉత్తరాన సెంట్-రోజ్ పాత గ్రామం, పూర్తిగా ఫ్రెంచ్. దక్షిణాన నది ఒడ్డు వెంబడి లావాల్-దె-రాపిడ్, పోం-వియో. పాత డూప్లెక్సులు (కిందా పైనా రెండు వాటాల ఇళ్లు), మెట్రో, హైతీవాళ్లు, అరబ్బులు, కొత్తగా వచ్చినవాళ్లు. నువ్వు వీటిలో దేన్ని చూశావో దాన్నిబట్టే జవాబు.

పల్నాటి_పిల్ల
శర్మగారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మేం చూసినవి ఫాబ్రెవిల్‌లో రెండు, విమోంలో ఒకటి. మూడూ ఒకే అంతస్తు ఇళ్లే, ఇక్కడ బంగ్లా అంటారు.

మంచు_మిర్చి
శర్మగారూ, చరిత్ర బావుంది. ఫాబ్రెవిల్ నుంచి డౌన్‌టౌన్ ఆఫీసుకి పోవడానికి అక్కకి ఎంతసేపు పడుతుందో కూడా చెప్పండి.

షోమెడే_శర్మ
చెబుతా. మెట్రో 2007 ఏప్రిల్లో వచ్చింది. ఆరెంజ్ లైన్‌ని హెన్రీ-బురాసా నుంచి నది కింద పొడిగించారు, 5.2 కిలోమీటర్లు, మూడంటే మూడు స్టేషన్లు: కార్టియే, డి లా కాంకోర్డ్, మాంట్‌మొరెన్సీ. రైలెక్కితే డౌన్‌టౌన్‌కి అరగంట అటూఇటూ. కానీ మూడూ ద్వీపం దక్షిణ భాగంలోనే ఉన్నాయి. ఫాబ్రెవిల్ నుంచి మాంట్‌మొరెన్సీకి బస్సు పట్టుకోవాలి, ఆ బస్సుకి మంచులో నిలబడాలి. స్టేషన్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. లావాల్ బీ జోన్ కాబట్టి నెలకి ఏ, బీ రెండు జోన్లకీ చెల్లే ఏబీ పాస్ తీసుకోవాలి, మాంట్రియల్ పాస్ కన్నా ఖరీదు. ఏజెంటు "మెట్రో ఉంది" అంటే, ఏ వీధి నుంచి ఎన్ని నిమిషాల నడకో అడుగు.

నెలవంక_నల్గొండ
రైళ్లు గూడ ఉన్నయి కద. సెంట్-జెరోమ్ లైన్ మీద విమోం, సెంట్-రోజ్ స్టేషన్లున్నయి. అక్క చూసిన విమోం ఇల్లు స్టేషన్‌కి దగ్గరుంటె ఆలోచించొచ్చు. కాకపోతె మెట్రో లెక్క ఐదు నిమిషాలకొకటి రాదు, టైము చూస్కొని పోవాలె. పడమటి దిక్కు సెంట్-డొరొతేకి 2025 నవంబర్ల ఆర్‌ఈఎం వచ్చింది, ఆ దిక్కు ఇళ్లు గూడ చూడుండ్రి.

పోయింది_మనసు
మా అనుభవం చెబుతా, ఎవరూ నొచ్చుకోవద్దు. మేం విమోంలో అద్దెకుండి తిరిగి మాంట్రియల్లోని విల్-సెన్-లోరాన్ వచ్చేశాం. ఇల్లు బాగుంది, వీధి బాగుంది. నేను పొద్దున్నే కారు తీసుకుని వెళ్లిపోతే మా ఆవిడ చంటిపిల్లతో ఇంట్లో ఒక్కతే. రెండో కారు లేదు, తనకి లైసెన్సు లేదు. పార్కులో మిగతా తల్లులంతా ఫ్రెంచ్‌లో గలగలా మాట్లాడుకుంటుంటే తను నవ్వి ఊరుకునేది. నవంబర్ నుంచి మార్చి దాకా పార్కూ లేదు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి లైటు కూడా వేసుకోకుండా కూర్చునుంది. ఆ వారమే ఇల్లు మారదామని నిశ్చయించుకున్నాం. లావాల్ చెడ్డ ఊరని అనను. కానీ భాషా, కారూ రెండూ లేనివాళ్లకి అది చాలా పెద్ద ఊరు.

మంచు_మిర్చి
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

బడిపంతులమ్మ
పోయింది_మనసు గారూ, చదువుతుంటే గుండె కలుక్కుమంది. మీ ఆవిడ ఇప్పుడు బాగున్నారా?

నేను లావాల్‌లోనే ఒక గార్దెరీలో పిల్లల్ని చూసుకుంటాను. అందరూ ఇళ్ల గురించీ రైళ్ల గురించీ మాట్లాడుతున్నారు, పాప బడి గురించి ఒక్కరూ ఎత్తలేదు. అసలు విషయం అదే.

పల్నాటి_పిల్ల, మీకు పీఆర్ వచ్చింది కాబట్టి పాప ఇక ఫ్రెంచ్ బడికే వెళ్లాలి. మాంట్రియల్లో ఉన్నా, లావాల్‌లో ఉన్నా, బ్రొసార్‌లో ఉన్నా అంతే. 1977లో వచ్చిన 101వ చట్టం అది. అమ్మానాన్నల్లో ఒకరు ప్రాథమిక విద్య ఎక్కువ భాగం కెనడాలో ఇంగ్లీషులో చదివి ఉంటేనే సర్కారు ఇంగ్లీషు బడికి అర్హత వస్తుంది. మనం గుంటూరులో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివాం అంటే లెక్కలోకి రాదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ల పిల్లలకి ఇచ్చే తాత్కాలిక మినహాయింపు కూడా 2022లో తెచ్చిన 96వ చట్టంతో మూడేళ్లకి పరిమితం చేశారు. కాబట్టి "ఇంగ్లీషు బడి కోసం ఏ ఊరు" అన్న ప్రశ్నే మీకు లేదు.

బెంగ పెట్టుకోకండి. భాష రాని పిల్లల కోసం క్లాస్ దాక్యోయ్ అని ప్రత్యేక తరగతి ఉంటుంది. ముందు ఫ్రెంచ్ నేర్పి, తరవాత మామూలు క్లాసులోకి పంపిస్తారు. ఒకటో తరగతి వయసు పిల్లల్ని కొన్నిసార్లు నేరుగా మామూలు క్లాసులో వేసి పక్కన సాయం పెడతారు. ఇంగ్లీషు కూడా ఒకటో తరగతి నుంచే రెండో భాషగా చెబుతారు.

మా గార్దెరీకి సిరియా పిల్లాడొకడు వచ్చాడు. మొదటి వారాల్లో మూలన కూర్చుని బొమ్మ లారీ తోసుకుంటూ ఉండేవాడు, ఎవరు పిలిచినా తల తిప్పేవాడు కాదు. చలికాలం దాటేసరికి లారీ లాక్కున్న పిల్లాడి మీద ఫ్రెంచ్‌లో నాకు ఫిర్యాదు చేశాడు, క్రియాపదాలు కూడా సరిగ్గానే పడ్డాయి. వీళ్ల గురించి భయం లేదు. భయమంతా అమ్మానాన్నల గురించే. పాప మీకన్నా ముందుకు వెళ్లిపోతుంది, బడి నుంచి వచ్చే కాగితాలు మీకు పాపే చదివి పెట్టే రోజు వస్తుంది. ఆ రోజు రాకముందే మీరూ మొదలుపెట్టండి. వలస వచ్చినవాళ్లకి ఫ్రెంచ్ నేర్పే ప్రభుత్వ సంస్థ ఫ్రాంసిజాసియోం క్యుబెక్ వాళ్ల క్లాసులు ఉచితం. ఆన్‌లైన్లో ఉన్నాయి, సాయంత్రాలు ఉన్నాయి.

పల్నాటి_పిల్ల
మినహాయింపు సంగతి తెలుసు కానీ, ఊరు మారితే ఏదైనా వెసులుబాటు ఉంటుందేమోనని లోపల ఒక ఆశ ఉండేది. మీ మాటతో అది తేలిపోయింది. ఒక రకంగా మనసు కుదుటపడింది. ఎలాగూ ఫ్రెంచ్ బడే అయినప్పుడు, వీధిలో కూడా ఫ్రెంచ్ వినిపించే చోటైతే పాపకే మేలు కదా?

బడిపంతులమ్మ
అదే నేననేది. పార్కులో, ఈతకొలనులో, పక్కింటి పిల్లలతో ఏ భాషలో ఆడుతుందో అదే గట్టిపడుతుంది.

మంచు_మిర్చి
పదో ఏట పాప "అమ్మా, నీ ఫ్రెంచ్ నాకు సిగ్గుగా ఉంది" అంటే ఏం చేస్తారు?

బడిపంతులమ్మ
మా వాడు ఎనిమిదో ఏటే అన్నాడు తమ్ముడూ. నేర్పించమని వాడినే కూర్చోబెట్టుకున్నాను, ఇప్పుడు వాడి తెలుగు నేను దిద్దుతా, నా ఫ్రెంచ్ వాడు దిద్దుతాడు.

పోయింది_మనసు
బడిపంతులమ్మ గారూ, బాగుందండీ. ఇక్కడ తెలుగువాళ్లు ఇద్దరు దొరికారు, డ్రైవింగ్ నేర్చుకుంటోంది. లైసెన్సు వచ్చాక మళ్లీ ఆలోచిద్దాం అంది, లావాల్ పేరు తనే ఎత్తింది.

ఫార్మా_రెడ్డి
ఉద్యోగం కోణం నేను చెబుతా. లావాల్ అంటే మాంట్రియల్‌కి పడకగది అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ పొద్దున ట్రాఫిక్ రెండు వైపులా ఉంటుంది, ఎందుకంటే మాంట్రియల్ నుంచి ఇటు పనికొచ్చేవాళ్లూ బోలెడుమంది. 2001లో బయోటెక్ కంపెనీల కోసం సిటే ద లా బయోటెక్ అని ఒక ప్రాంతాన్నే కేటాయించారు. ఐఎన్‌ఆర్‌ఎస్ అనే పరిశోధన విశ్వవిద్యాలయం వాళ్ల ఆర్మాన్-ఫ్రాపియే పరిశోధన కేంద్రం అక్కడే. మోడెర్నా కెనడాలో కట్టిన వ్యాక్సిన్ ఫ్యాక్టరీ కూడా లావాల్‌లోనే.

ఒక విషయం చెబితే హైదరాబాదీలకి సంతోషం వేస్తుంది. హెచ్‌ఐవీకి వాడే లామివుడిన్ వెనక ఉన్న బయోకెమ్ ఫార్మా ఈ లావాల్ కంపెనీయే. 1980ల చివర్లో బెర్నార్డ్ బెలో బృందం కనిపెట్టిన మందు అది. తరవాత అదే మందు జెనరిక్‌ని అరబిందో, హెటెరో లాంటి మన హైదరాబాద్ కంపెనీలు చవగ్గా తయారుచేసి ఆఫ్రికా దేశాలకి పంపాయి. నేను జీడిమెట్ల దగ్గర పనిచేసిన రోజుల్లో ఆ మాలిక్యూల్ బ్యాచ్‌లు చూశాను. అది పుట్టిన ఊళ్లో ఉద్యోగం వస్తుందని అప్పట్లో అనుకోలేదు. మొదటిసారి ఆ వీధిలో నడిచినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఇక భాష. సైంటిస్టులు మాట్లాడుకునేది చాలాచోట్ల ఇంగ్లీషే. కానీ ప్లాంటులో పని పద్ధతి రాసుండే ఎస్‌ఓపీలు, భద్రతా శిక్షణ, యూనియన్ మీటింగు అన్నీ ఫ్రెంచ్. 25 మంది పైన ఉన్న కంపెనీలు కూడా ఫ్రెంచ్ వాడకం నియమాల కిందికి 2025 జూన్‌లో వచ్చాయి, అంతకు ముందు 50 మంది పైన ఉన్నవాటికే. ల్యాబ్ నుంచి సూపర్వైజర్ మెట్టు ఎక్కాలంటే ఫ్రెంచ్ తప్పదు. చెల్లెమ్మా, మీ ఆయనకి ఈ మాట చెప్పండి. ఇంటి కంటే ముందు ఆయనే క్లాసులో చేరాలి.

పల్నాటి_పిల్ల
చూపించాను అన్నయ్యా. చదివి "రెడ్డిగారు మా మేనేజరుతో మాట్లాడారా ఏంటి" అన్నారు.

నెలవంక_నల్గొండ
నేను మాంట్‌మొరెన్సీ కాలేజి దగ్గర రూంల ఉంటున్న. చదువయిపోయింది, పని చేస్తున్న. అన్నలు అక్కలు, ఒక మాట. ఫ్రెంచ్ అంటె బరువు లెక్క మాట్లాడుతున్నరు గని, నాకు ఈ ఊరు ఫ్రెంచ్ నేర్పింది. డౌన్‌టౌన్ల మనం ఫ్రెంచ్ మొదలువెడితె, మన యాస విని వాళ్లే ఇంగ్లీషుల మాట్లాడుతరు. ఇక్కడ మా ఇంటి కింద దెపానర్, అంటె చిన్న కిరాణ దుకాణం, నడిపే అంకుల్ అట్ల చెయ్యడు. నేను గుడ్లు అడగనీకి తిప్పలు వడ్డ గని ఆయన ఓపికగ నిలవడ్డడు, నేను సరిగ్గ అన్నంక గుడ్లిచ్చిండు. గిప్పుడు ఆయనతోని హాకీ ముచ్చట పెడుత. ప్లాస్ బెల్ స్టేడియంల లావాల్ రాకెట్ టీము మ్యాచ్‌కి గూడ ఆయనే తీస్కపోయిండు. మాంట్రియల్ కెనడియన్స్‌ది చిన్న టీము, 2017 సంది ఆడేది ఈడనే. టికెట్ గూడ పెద్ద టీము మ్యాచ్‌లంత పిరం గాదు.

గోదారోడు
తమ్ముడూ, పీఆర్‌కి ఫ్రెంచ్ ఏ లెవెల్ కావాలి? నా కజిన్ అడుగుతున్నాడు.

వేదిక_నిర్వాహకులు
పీఆర్, సెలెక్షన్ ప్రశ్నలకి వేరే చర్చ ఉంది, నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి అక్కడే అడగండి. ఇక్కడ ఊరి గురించి మాట్లాడుకుందాం.

సెంట్‌రోజ్_సుధ
ఆలస్యంగా చూశాను. మంచు_మిర్చి, పాల ప్యాకెట్‌కి కారు తీయాలని రాశావు కదా? మా పాత సెంట్-రోజ్‌కి ఒకసారి రా. బులవార్ సెంట్-రోజ్ అనే పెద్ద వీధి మీద చర్చి, బేకరీ, కాఫీ హోటళ్లు, పుస్తకాలు, అన్నీ నడకలోనే. మార్క్-ఒరేల్ ఫోర్తెన్ అని క్యుబెక్‌లో పేరున్న చిత్రకారుడు, 1888లో పుట్టింది ఇక్కడే. ఆయన బొమ్మల్లో ఉండే పెద్ద పెద్ద ఎల్మ్ చెట్లు ఈ వీధులవే.

మా ఇంటి నుంచి నది నడకదూరం. మిల్-ఈల్ నది పార్కులో వేసవిలో కయాకులు అద్దెకిస్తారు. దీవుల మధ్య సందుల్లో నీళ్లు నిలకడగా ఉంటాయి, చెక్కదుంగ మీద తాబేళ్లు వరసగా ఎండ కాగుతుంటాయి. తెడ్డు చప్పుడు వినగానే చివరిదాకా ఆగి ఒక్కొక్కటే జారిపోతాయి. చలికాలంలో అదే నది మీద స్కేటింగ్. మంచు మందం సరిపోయిందని పార్కువాళ్లు తేల్చాకే తెరుస్తారు. మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి, గడ్డకట్టిన నది మీద నడవమంటే ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకుని గానీ కాలు పెట్టలేదు.

కానీ ఇల్లు కొనేవాళ్లు ఆ నదినే మొదట చూసుకోవాలి. 2017లో, 2019లో వసంతకాలంలో మంచు కరిగి వరదలొచ్చాయి. లావాల్-ఉవెస్ట్, సెంట్-డొరొతే, దీవుల మీద ఇళ్లు చాలా దెబ్బతిన్నాయి. "నది ఒడ్డున, ధర తక్కువ" అని ఫొటో కనబడితే మనసు పారేసుకోకండి. వరద మండలం మ్యాపు చూడండి, బీమా కంపెనీకి అడ్రసు చెప్పి వరదకి కవరేజీ ఇస్తారో లేదో ముందే కనుక్కోండి, బేస్‌మెంటు గోడల అడుగున తేమ గీత ఉందేమో వంగి చూడండి. ఇన్‌స్పెక్షన్ లేకుండా కొనమని ఎవరన్నా వినకండి. నేను నదిని ప్రేమించేదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మంచు_మిర్చి
సుధక్కా, తాబేళ్ల కోసమైనా వస్తా. సెంట్-రోజ్ వరకూ నా మాట సడలిస్తున్నా. మిగతా లావాల్‌లో ఆరు లైన్ల బులవార్లు, కిలోమీటర్ల కొద్దీ పార్కింగులు. నేను కర్రఫూర్ లావాల్ మాల్ నుంచి పక్కనే కనిపిస్తున్న హోటలుకి నడిచి పోదామని చూశా, ఫుట్‌పాత్ మధ్యలోనే ఆగిపోయింది. ఇలా ఎవరు కట్టారు?

షోమెడే_శర్మ
ఎవరు కట్టారంటే, అందులో చాలాభాగం ఒకే మేయరు కాలంలో. జిల్ వైయాన్‌కూర్ 1989 నుంచి 2012 దాకా 23 ఏళ్లు ఏలాడు. కాంట్రాక్టుల్లో ముడుపుల కేసులో 2013లో అరెస్టయ్యాడు, 2016లో నేరం ఒప్పుకున్నాడు, ఆరేళ్ల శిక్ష పడింది. ఆ రోజుల్లో పన్ను కట్టినవాణ్ణి కాబట్టి ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయితే కారణం ఆయన ఒక్కడే అనడం కూడా న్యాయం కాదు. 14 ఊళ్లని కలిపారు గానీ నడిబొడ్డంటూ ఒకటి లేదు. కర్రఫూర్ మాల్ 1974లో వచ్చింది, జనమంతా అటు మళ్లారు, మాలే నడిబొడ్డు అయిపోయింది. 13, 15, 19, 25 హైవేలు ద్వీపాన్ని నిలువునా కోశాయి. ఇప్పుడు మాంట్‌మొరెన్సీ చుట్టూ అసలైన డౌన్‌టౌన్ కట్టే ప్రయత్నం జరుగుతోంది. కాలేజీ, యూనివర్సిటీ ద మాంట్రియల్ లావాల్ క్యాంపస్, ప్లాస్ బెల్, వరసగా టవర్లు. 2021లో 33 ఏళ్ల కుర్రాడు స్టెఫాన్ బొయే మేయరయ్యాడు. చెట్లు, ఫుట్‌పాత్‌ల మాట ఇప్పుడు గట్టిగానే వినబడుతోంది. అయినా బంగ్లాల మధ్యకి ఫుట్‌పాత్ రావడానికి మా తరం సరిపోదు.

నెలవంక_నల్గొండ
శర్మ సార్, సాంత్ర్ ద లా నాత్యూర్ చెప్పకపోతిరి. పాత రాతి క్వారీని పెద్ద పార్కు చేసిన్రు, చెరువు, గ్రీన్‌హౌసు, గొర్రెలు మేకలు గూడ ఉన్నయి. అక్క పాపకి మస్తుగ నచ్చుతది.

గోదారోడు
గుడి, సరుకులు?

షోమెడే_శర్మ
గుడికి డొలార్-దె-జోర్మో పోవాలి, తిరుమురుగన్ గుడీ హిందూ మందిరమూ రెండూ ఆ ఊళ్లోనే. మాకు 13వ హైవే మీదుగా దగ్గరే, విమోం నుంచైతే కాస్త దూరం. సరుకులకి షోమెడేలో భారతీయ దుకాణాలున్నాయి. గోంగూర, మునక్కాయలు తాజాగా కావాలంటే మెట్రోలో జాన్-టాలోన్ దాకా పోయి, బ్లూ లైన్ మారి పార్క్ స్టేషన్లో దిగితే పార్క్ ఎక్స్‌టెన్షన్ పేట, అక్కడ దొరుకుతాయి. లెబనాన్‌వాళ్ల అడోనిస్ సూపర్‌మార్కెట్లో కంది, శనగపప్పు, లేత బెండకాయలు దొరుకుతాయి. పెరుగు మాత్రం అక్కడిదే కొంటాం.

పోయింది_మనసు
ఇంకో సంగతి, చలికాలం ఖర్చు. వింటర్ టైర్లు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చట్టప్రకారం తప్పనిసరి, అది అందరికీ తెలుసు. ఇంటి ముందు మంచు తీయడానికి కాంట్రాక్టు ఖర్చు బడ్జెట్‌లో వేసుకోరు చాలామంది. ఆ టెంపో గుడారం కూడా.

పల్నాటి_పిల్ల
టెంపో గుడారమా?

సెంట్‌రోజ్_సుధ
కారు పెట్టుకోవడానికి ఇంటి ముందు ఇనప గొట్టాల మీద తెల్ల ప్లాస్టిక్ కప్పి వేసే పందిరి. శీతాకాలం ముందు వీధి వీధంతా లేస్తాయి, వసంతంలో తీసేస్తారు. మా అత్తగారు మొదటిసారి చూసి "ఇన్ని ఇళ్లలో ఒకేసారి పెళ్లిళ్లా" అని అడిగారు. పొద్దున్నే కారు మీద మంచు గీకే పని తప్పుతుంది. కొన్న మొదటి ఏడాదే వేయించండి.

ఫార్మా_రెడ్డి
కొనేటప్పుడు ఖర్చుల్లో ట్యాక్స్ ద బియాంవెన్యూ, అంటే ఇల్లు చేతులు మారినప్పుడు నగరం వేసే పన్ను, మరిచిపోవద్దు. ఇల్లు చేతికొచ్చాక కొన్ని నెలలకి నగరం నుంచి బిల్లు వస్తుంది, వేలల్లో ఉంటుంది, లోనులో కలవదు. నోటరీ ఫీజు వేరు.

బడిపంతులమ్మ
నా సలహా వేరే. ఇప్పుడే కొనకండి. ఒక ఏడాది అద్దెకుండండి. ఇక్కడ యజమాని డిపాజిట్ అడగకూడదు, చట్టం ఒప్పుకోదు. మన బెంగళూరులోలాగ పది నెలల అడ్వాన్సులు లేవు. ఎక్కువ లీజులు జులై 1న మారతాయి. సెప్టెంబర్ బడికి అది సరిగ్గా సరిపోతుంది. పాప ఫ్రెంచ్‌లో కుదురుకుందో లేదో, మీకు ఏ పేట నచ్చిందో తేలాక కొనుక్కోండి.

మంచు_మిర్చి
అద్దెకి అంటే మరీ మంచిది, నచ్చకపోతే వెనక్కి రావొచ్చు.

ఫార్మా_రెడ్డి
నేను ఒప్పుకోను. అద్దెకి కట్టిన డబ్బు పోయినట్టే. ఇద్దరికీ పర్మనెంట్ ఉద్యోగాలుంటే ఏడాది ఆగి ఏం లాభం?

బడిపంతులమ్మ
రెడ్డిగారూ, పోయింది_మనసు గారి పోస్టు ఇంకోసారి చదవండి. వాళ్లు అద్దెలో ఉన్నారు కాబట్టే ఆ వారమే కదలగలిగారు. కొనుక్కుని ఉంటే?

ఫార్మా_రెడ్డి
అమ్మా, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

పల్నాటి_పిల్ల
రాత్రి మా ఆయనతో కూర్చుని మొత్తం చదివాం. ఫాబ్రెవిల్ ఇళ్లు రెండూ పక్కన పెట్టేస్తున్నాం, బస్సు పట్టుకుని మెట్రోకి పోవడం నావల్ల కాదు. జులై నుంచి లావాల్-దె-రాపిడ్‌లో అద్దెకి వెతుకుతాం. కార్టియే స్టేషన్‌కి నడిచి వెళ్లేలా ఉంటే నాకు ఆఫీసు, ఆయనకి ల్యాబ్, రెండూ దగ్గరే. ఆయన సాయంత్రం క్లాసులకి పేరు ఇచ్చేశారు, నేను ఆన్‌లైన్ క్లాసులో చేరుతున్నా. ఇల్లు వచ్చే ఏడాది, అప్పటికి సెంట్-రోజ్ కూడా చూస్తాం, మ్యాపు దగ్గర పెట్టుకుని.

శర్మగారూ, ఒక సాయం కావాలి. అద్దె ఇళ్లు చూడ్డానికి ఈ శనివారం వస్తున్నాం, ఏ వీధులు చూడమంటారు?

షోమెడే_శర్మ
బులవార్ కార్టియే, బులవార్ డి లా కాంకోర్డ్, ఈ రెంటి మధ్య వీధులన్నీ కాలినడకన తిరగండి, కారు స్టేషన్ దగ్గర వదిలేయండి. డూప్లెక్సుల కిటికీల్లో "ఆ లూయే" అని, అంటే అద్దెకి అని, ఉన్న బోర్డులు చూసి నేరుగా ఫోన్ చేయండి, ఆన్‌లైన్లో పెట్టని ఇళ్లు చాలా ఉంటాయి. ఫోన్ నువ్వు చెయ్యి, మీ ఆయన చేత కూడా చేయించు, ఫ్రెంచ్‌లోనే. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రండి, మా ఆవిడ పప్పుచారు పెడతానంటోంది.

బడిపంతులమ్మ
బడిలో పేరు నమోదుకి పాప బర్త్ సర్టిఫికెట్, కొత్త అడ్రసు రుజువు, పీఆర్ కాగితాలు కావాలి. లీజు సంతకం అయిన రోజే ఇక్కడి ఫ్రెంచ్ బడులు నడిపే సాంత్ర్ ద సెర్వీస్ స్కోలేర్ ద లావాల్‌కి ఫోన్ చేసి ఆ అడ్రసుకి ఏ బడి వస్తుందో కనుక్కోండి. ఆగస్టు దాకా ఆగితే పక్క పేట బడికి బస్సులో పంపాల్సి రావచ్చు.

నెలవంక_నల్గొండ
శర్మ సార్, శనివారం నేను గూడ ఖాళీనే.

షోమెడే_శర్మ
రా నాయనా. వచ్చేటప్పుడు అడోనిస్‌లో పెరుగు ఒక డబ్బా పట్రా.